పోరుమామిళ్ల చెరువు: శాసనానికి ఎక్కని పేర్లు

కడప జిల్లాలో నల్లమలకూ వెలికొండలకూ నడుమ ఉన్న పోరుమామిళ్ల పెద్ద ఊరేమీ కాదు. అయినా చెరువు ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో రాతి మీద శాస్త్రంలా చెక్కించిన ఘనత ఈ ఊరిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఇక్కడ అనంతరాజసాగరం అనే ఈ చెరువును కట్టించి, 1369లో ఆ వివరాలన్నీ సంస్కృత శాసనంగా రాయించాడు. దాన్ని పరిష్కరించి ప్రకటించిన వి.ఎస్.సుఖ్తంకర్ తరువాతి కాలంలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడయ్యారు.

మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలంటుంది శాసనం. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీయని నీటిని మోసుకొచ్చే నది, కట్టకు ఆనుకునే కొండలు, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, దగ్గర్లోనే నిడుపాటి రాళ్లు దొరికే గని, సమతలంగా ఉన్న సారవంతమైన పొలాలు, ఇలా సాగిన ఆ వరుసలో చివరిది పని తెలిసిన కూలీల దండు. రోజూ వెయ్యి మంది మనుషులు, నూరు బండ్లు పనిచేస్తే రెండేళ్లకు చెరువు పూర్తయిందని కూడా శాసనమే చెబుతుంది. ఖర్చుతో పాటు శ్రమను లెక్కగట్టి చెప్పిన రాజశాసనాలు అరుదు గనుక, ఆ ఒక్క వాక్యం కోసమైనా దీన్ని బడిపిల్లల చేత చదివించాలన్నది నా అభిప్రాయం.

దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక లేవడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం అన్నవి ఏ రైతుకైనా తెలిసిన సంగతులే. మిగిలిన దోషం మాత్రం రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ ఆనకట్ట మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఈ మాటే. కట్ట ఎంత గట్టిదైనా, దాని మీద అజమాయిషీ ఎవరిదో తేలకపోతే నీరు పొలానికి సవ్యంగా చేరదని ఆనాటివారు అనుభవంతో గ్రహించారు.

అయితే శాసనం చెరువు పుట్టుక గురించి చెప్పిందే గాని, దాన్ని ఇన్ని శతాబ్దాలు నిలబెట్టినవారి గురించి చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. చెరువును కాపాడేది రోజువారీ పని. రాయలసీమ చెరువుల కింద నీటి కాపరి అయిన నీరుగంటి వానాకాలపు రాత్రి లాంతరు పట్టుకుని కట్ట పొడవునా నడిచేవాడు. కట్ట అడుగున ఎక్కడైనా తడి మెరిస్తే వంగి వేలితో నొక్కి చూసేవాడు. ఎలుక బొరియ కనిపిస్తే తెల్లవారేలోగా బంకమన్నుతో కూరి తొక్కించేవాడు. చెరువు నిండి మరవ (అలుగు) పారే రోజుల్లో అతనికి నిద్ర ఉండేది కాదు. శాసనం మొదటి దోషంగా చెప్పిన ఊటను పట్టుకున్నది ఈ వేలే. చెరువు మరమ్మతుల కోసం దశబంధం ఇనాములు, అంటే ఆ పని చూసేవారికి మాన్యాలు, ఇచ్చిన రోజుల్లో ఈ పనికి ఒక బాధ్యుడు, ఒక ఆదాయం ఉండేవి. ఆ ఏర్పాటు చెదిరాక కట్ట ప్రభుత్వానిదైంది, పూడిక మాత్రం ఎవరికీ పట్టనిదైంది.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ, కంభం చెరువుతో పాటు పోరుమామిళ్ల చెరువునూ వారసత్వ కట్టడంగా గుర్తించింది. అది సంతోషించదగినదే. ఆ గుర్తింపుకు తగిన పని మొదట కట్ట మీదే జరగాలి: శాసనపాఠాన్ని పన్నెండు సాధనాలు, ఆరు దోషాలతో సహా తెలుగులో చెక్కించి, ఆయకట్టు రైతు నిలబడి చదువుకునే చోట పెట్టాలి. రెండోది, ఈ ఊరి ప్రముఖుల జాబితా భాస్కరుడితో ఆగిపోకూడదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇనాం రిజిస్టర్లలో ఊరూరా ఇనాందారుల పేర్లు నమోదయ్యాయి. ఈ చెరువును చూసుకున్న కుటుంబాల పేర్ల కోసం అక్కడ వెతకడం మొదలుపెట్టాలి, కాగితాలు ఇంకా చేతికి అందుతుండగానే.