దిగివచ్చిన మాడ్యూల్ తుక్కుకు పోతుందా?

చెన్నైలోని మన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. అంతరిక్షం నుంచి తిరిగివచ్చిన మాడ్యూళ్లను, అంటే వ్యోమగాములు కూర్చుని భూమికి దిగే గదులను, సాక్ష్యం మిగలకుండా ముక్కలు చేసి తుక్కుకు అమ్మేస్తారనీ, మన దేశం దించినవాటిని బయటివారెవరూ చూడలేదనీ, ఒకసారి కాలిన మాడ్యూల్ మళ్లీ ఎగరదనీ దాని సారాంశం.

ఎవరూ చూడలేదన్న మాటను చెన్నైలో ఉంటున్నవారే పంచుకోవడం నాకు బాధ కలిగించింది. 2014 డిసెంబరు 18న అండమాన్ దీవుల సమీపంలో సముద్రంలో దిగిన, మూడున్నర టన్నులకు పైగా బరువున్న, మనుషులు లేకుండా ఇస్రో పరీక్షించిన కేర్ మాడ్యూల్‌ను కోస్ట్‌గార్డ్ నౌక తెచ్చి దించింది మన ఎన్నూరు రేవులోనే. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షలో శ్రీహరికోట తీరానికి దగ్గరలో పడిన మాడ్యూల్‌ను నౌకాదళం వెలికితీసి చెన్నై ఓడరేవుకు చేర్చింది.

ముక్కలు చేస్తారన్నదానిలో ఇసుమంత నిజం ఉంది, అయితే దాని అర్థం పూర్తిగా వేరు. అమెరికా చంద్రయాత్రల్లో వాడిన అపోలో మాడ్యూళ్ల ఉష్ణకవచం, అంటే దిగేటప్పుడు పుట్టే వేడిని ఆపే పొర, తేనెపట్టు గడుల్లో రెసిన్ నింపి చేసినది. తిరిగివచ్చాక దాన్ని అక్కడక్కడా గుండ్రంగా తొలిచి నమూనాలు తీశారు. పైపొర ఎంత లోతు వరకు బొగ్గయింది, ఎక్కడి నుంచి చెక్కుచెదరలేదు అన్నది ఆ ముక్కలోనే కనిపిస్తుంది. ముందు వేసిన లెక్క సరైనదో కాదో తేల్చేది అదే. జనాన్ని దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం కూడా రహస్యం కాదు, ట్యాంకుల్లో మిగిలే విష ఇంధనం. 2020 ఆగస్టులో అమెరికా సంస్థ స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్ దిగినప్పుడు ఆ ఆవిర్లు కనబడినందువల్లనే తలుపు తెరవడం ఆలస్యమైంది.

పరీక్షలు ముగిశాక అపోలో-11 మాడ్యూల్ వాషింగ్టన్ మ్యూజియానికీ, అపోలో-10ది లండన్‌కూ చేరాయి. 1984లో రాకేశ్ శర్మ తిరిగివచ్చిన సోవియట్ నౌక సోయుజ్ టి-10 మాడ్యూల్‌ను ఢిల్లీ నెహ్రూ ప్లానెటోరియంలో ప్రదర్శనకు ఉంచారు.

ఇక మళ్లీ ఎగరడం సంగతి. సోయుజ్ దిగే మాడ్యూళ్లను తిరిగి వాడరన్నది నిజమే. కానీ పైన చెప్పిన డ్రాగన్, ఎండీవర్ అన్న పేరున్నది, పాడైన భాగాలు మార్చి కొత్త పారాచూట్లు అమర్చాక, 2021 ఏప్రిల్‌లో నలుగురితో మళ్లీ అంతరిక్షానికి వెళ్లింది.