లైబ్రరీ ఎంట్రన్స్ హాల్ ఖాళీ జాగా కాదు

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా హాస్పిటల్ పక్కన మూసీ ఒడ్డునున్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీని బస్సులోంచి చూడని హైదరాబాదీ ఉండడేమో, కానీ మెట్లెక్కి లోపలికి పోయినోళ్లు ఎంతమందో డౌటే. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై 1936లో ఈ బిల్డింగ్‌లోకి మారింది. నిజాం జమానాలో కట్టిందే, ఎదురు ఒడ్డున హైకోర్టు ఎంత దర్జాగా ఉంటదో ఇదీ అంతే, అంటే చదువుకునేటోడికి కూడా కోర్టుకిచ్చినంత మర్యాద ఇచ్చారన్నమాట.

ఇలాంటి బిల్డింగులు చూసినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, ఇంత ఎత్తు సీలింగ్ ఎందుకండీ, మధ్యలో ఒక స్లాబ్ వేస్తే ఇంకొంతమంది కూర్చోవచ్చు కదా అని. గుడిలో ముఖమంటపాన్ని చూసి ఇది వేస్ట్ జాగా అని మాత్రం ఎవరూ అనరు!

హాల్‌కి ఓ పని ఉంది. బయట మే నెల ఎండ, హారన్లు, బస్ కండక్టర్ల కేకలు. మందపాటి గోడ దాటి ఎత్తైన హాల్‌లోకి అడుగుపెడితే వేడిగాలి పైకి పోతది, సౌండ్ తగ్గుతది, ఎండకు చికిలించిన కళ్లు నీడకి అలవాటు పడతాయి, ఎటు పోవాలో నిలబడి చూసుకునే టైమ్ దొరుకుతది. ఆ నాలుగడుగుల్లేకుండా రోడ్డు మీంచి నేరుగా కుర్చీలోకి పోతే ట్రాఫిక్ కూడా మనతోపాటే లోపలికొచ్చి కూర్చుంటది.

1895లో తెరిచిన బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో ఆర్కిటెక్ట్ మెక్‌కిమ్ మెట్ల పక్క గోడలకి పసుపు రంగు సియెన్నా పాలరాయి వేయించాడు, మలుపు దగ్గర రెండు రాతి సింహాలు. పైన గ్వాస్టావినో టెక్నిక్‌తో పల్చటి టైల్స్‌ని ఒకదాని మీద ఒకటి అతికించి కట్టిన కమాన్లు. ఇంత రాజభవనం కట్టి, గుమ్మం మీద మాత్రం 'అందరికీ ఉచితం' అని రాతిలో చెక్కించారు. నాకు సింహాల కంటే గుమ్మం మీది ఆ రాతే గొప్పగా అనిపిస్తది. మనమూ ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్ కడుతున్నాం, కాబట్టి ఆ దర్జా మనకి ఎవరో వేసే భిక్షేం కాదు.

సీట్ల కొరత నిజమే, కాదనను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ ప్రిపేర్ అయ్యే పిల్లలని చూస్తే సీలింగ్ అందం గురించి మాట్లాడ్డానికే సిగ్గేస్తది. వాళ్లకి కావాల్సింది కొత్త రీడింగ్ హాళ్లు, అంతేగానీ పాత హాల్‌ని ప్లైవుడ్ పార్టిషన్లతో కోసి, మిగిలిన మూలలో పాత బీరువాలు నింపితే ఇటు సీట్లూ సరిపోవు, అటు హాలూ పోతది.

ఈ గొప్ప ఎంట్రన్సుల్లో నాకు నచ్చనిది ఒక్కటే, మెట్లు. వీల్‌చైర్ మీద వచ్చినాయనకి, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మకి ఆ దర్జా ఏం చేసుకోవాలి? మార్చాలనుకుంటే ముందు అది మార్చండి, ఆ ర్యాంప్ కూడా వెనక గేటు దగ్గర జనరేటర్ పక్కన కాదు, మెయిన్ తలుపు పక్కనే కట్టండి.