మెయింటెనెన్స్ కట్టని కాపురాలు

హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు నలభై. మెయింటెనెన్స్ సక్రమంగా కట్టేవాళ్లు ముప్పై ఆరుగురు. మిగతా నలుగురి సంగతి అలా ఉంచండి, పైసా కట్టకుండా మా ఆవరణలో దర్జాగా కాపురం చేస్తున్నవాళ్లు బోలెడంతమంది ఉన్నారని సర్వసభ్య సమావేశంలో ఫిర్యాదు వచ్చింది. విచారణ బాధ్యత సెక్రటరీనైన నా నెత్తిన పడింది. ఉగాది నుంచి రోజూ పొద్దున్నే నోట్‌బుక్కు పట్టుకుని టెర్రస్ నుంచి సెల్లార్ దాకా తిరుగుతున్నాను.

మొదటి ముద్దాయి కోయిల. తెల్లవారుజామున నాలుగున్నరకే అందుకుంటుంది. నైట్ షిఫ్ట్ చేసి అప్పుడే పడుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు దాని గొంతు గురించి కవుల్లా మాట్లాడటం లేదు. అలా కుహూ అని గోల పెట్టేది మగదట. ఆడది గోధుమరంగులో, ఒళ్లంతా మచ్చలతో ఆకుల్లో దాక్కుంటుంది. సొంతంగా గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెట్టి చక్కా పోతుంది. మా బైలాస్ ప్రకారం సబ్‌లెట్ నిషేధం. కానీ ఓనరైన కాకికే విషయం తెలియనప్పుడు నోటీసు ఎవరికివ్వాలి?

ఆ గూడు చూడటానికి నిచ్చెనెక్కితే ఇంకో కేసు తేలింది. పుల్లల మధ్య ఇనప తీగలు, వాటి మధ్య మూడో అంతస్తులో మాయమైన బట్టల హ్యాంగర్లు రెండు. ఏడాదిగా వాచ్‌మన్‌ని అనుమానించాం. ఆయనకు క్షమాపణ చెప్పే అంశాన్ని వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చాం.

పావురాల విషయంలో మా వైఖరి స్పష్టంగా ఉంది. టెర్రస్ మీద జొన్నలు చల్లి పుణ్యం కట్టుకోవడానికి అనుమతి, బాల్కనీలకు నెట్లు కట్టించడానికి కొటేషన్లు. రెండు తీర్మానాలూ ఒకేరోజు ఏకగ్రీవంగా నెగ్గాయి.

చెట్ల సమస్య మాకు లేదు. గేటు దగ్గర వేపచెట్టు ఉండేది. పూత, పండు, రెట్ట అన్నీ కార్ల మీదే పడుతున్నాయని కొట్టించాం. 2018 నుంచి వేప ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షమే గానీ, మా గేటు తెలంగాణలో ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. దాని స్థానంలో కోనోకార్పస్ వరసగా పెట్టాం. ఏడాది పొడుగునా పచ్చగా, కత్తిరించినట్టే నిలబడి, పక్కింటివాళ్లు కనబడకుండా చేస్తుంది. నా నోట్‌బుక్కులో దాని పేజీ ఇప్పటికీ ఖాళీ. ఒక్క గూడు లేదు. ఆదర్శ సభ్యుడంటే అదీ.

తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరా నాడు చూస్తే శుభమంటారు. కిందటేడు మేమంతా చూశాం. ఒకే ఫోటో, వాట్సాప్ గ్రూపులో ముప్పై ఏడుసార్లు.

తొలకరి రాత్రి కారిడార్ లైటుకి ఉసిళ్లు దండెత్తాయి. తెల్లారేసరికి రెక్కలు కుప్పగా మిగిలాయి. మిగతా పని బల్లులు పూర్తిచేశాయి. జీతం అడగని సిబ్బంది మాకు అవొక్కటే.

ఇక అసలు కేసు. 205 ఆంటీ కరివేపాకు మొక్క మీద ఏదో పిట్ట రెట్ట వేసిందని వెళ్లాను. తుడవబోతే వాచ్‌మన్ చెయ్యి పట్టుకున్నాడు. "రెట్ట గాదు సార్, పురుగు." వంగి చూస్తే నిజమే, ఆ రెట్ట ఆకు తింటోంది! వారం తిరక్కుండా అది లావుగా, ఆకుపచ్చగా తయారైంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి తీసి, కుళ్లిన నిమ్మకాయ లాంటి వాసన నా మొహం మీదికి వదిలింది. అధికారిని బెదిరించడం కిందికి వస్తుందని నోట్ చేసుకున్నాను.

మర్నాటికి ఆంటీ పోపులోకి ఆకు లేదు. నిందితుడు కొమ్మకి ఆనుకుని, నడుముకి దారంతో బెల్టులాంటిది బిగించుకుని, కదలకుండా గూడై కూర్చున్నాడు. ఖాళీ చేయమని నోటీసు టైపు చేయించాను. పేరు రాయాల్సిన చోటే ఆగిపోయింది. పురుగు పేరున ఇస్తే, అందుకునేసరికి సీతాకోకచిలుక అయిపోతే చెల్లదని మా లాయరుగారి అభిప్రాయం. అందుకని రోజూ పొద్దునా సాయంత్రం వెళ్లి చూసొస్తున్నాను. డ్యూటీలో భాగంగానే లెండి.