ఎలా వచ్చిందన్న ప్రశ్న సిరంజిని అడగాలి

కంబోడియాలోని బట్టంబాంగ్ ప్రాంతంలో రోకా అనే పల్లె ఉంది. 2014 నవంబరులో అక్కడ 74 ఏళ్ల వృద్ధుడికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది. ఆ వెంటనే ఆయన కుటుంబంలో మరికొందరికి, ఆ తర్వాత వీధి వీధికీ అదే ఫలితం వచ్చింది. 2015 ఫిబ్రవరి నెలాఖరుకు లెక్క 242కు చేరింది. అందులో బడి ఈడు పిల్లలు, నడవలేని ముసలివాళ్లు, కాషాయం కట్టిన బౌద్ధ భిక్షువు కూడా ఉన్నారు. ఇంకా లోతుగా పరీక్షిస్తే వారిలో ఎక్కువమందికి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్‌ సీ కూడా ఉందని బయటపడింది. ఊరికంతటికీ సూదిమందులు వేసి, సెలైన్లు ఎక్కించిన అనుమతి లేని వైద్యుడొకడు వాడిన సిరంజిలనే మళ్లీ వాడాడు. రెండు వైరస్‌లూ ఒకే దారిలో ఇంటింటికీ వెళ్లాయి.

ఆ భిక్షువును, ఆ పిల్లలను ‘నీకు ఇది ఎలా వచ్చింది’ అని మనం అడగగలమా? మన ఊళ్లలో మాత్రం హెచ్‌ఐవీ అనగానే నోటికి వచ్చే మొదటి ప్రశ్న అదే. అది సమాధానం కోసం వేసే ప్రశ్న కాదు. అడిగేవారి మనసులో తీర్పు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. రక్తంలో వైరస్ కనపడిన మరుక్షణం మనిషి గుణం మీద విచారణ మొదలవుతుంది. వైరస్‌ను మోసిన సూది గురించి, ఆ సూదిని వాడిన చేతి గురించి విచారణ జరగదు. సంక్రమణ గురించి మనకున్న అజ్ఞానమంతా ఈ తప్పు విచారణలోనే ఉందని, హెపటైటిస్‌ సీ, హెచ్‌ఐవీ రెండూ కలిసి ఉన్నవారి బతుకును జబ్బు కన్నా ఎక్కువగా కుంగదీస్తున్నది అదేనని నా అభిప్రాయం.

హెపటైటిస్‌ సీ ప్రధానంగా రక్తం నుంచి రక్తానికి పాకే వైరస్. భార్యాభర్తల మధ్య లైంగికంగా సోకడం చాలా అరుదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, దగ్గితే రాదు. కానీ కంటికి కనపడనంత రక్తం అంటిన పరికరం దానికి చాలు. సిరంజిలో మిగిలిన రక్తపు తడిలో ఈ వైరస్ 63 రోజుల వరకు సజీవంగా ఉండగలదని ప్రయోగశాలలో తేలింది. చాలామంది గ్రామీణ వైద్యులు, కొందరు నర్సులు కూడా ‘సూది మార్చాం కదా’ అని నిశ్చింతగా ఉంటారు. ఆ నిశ్చింతలోనే ప్రమాదముంది. మందు ఎక్కించి సూదిని బయటకు లాగేటప్పుడు రోగి రక్తం రవ్వంత వెనక్కి, సిరంజి గొట్టంలోకి చేరవచ్చు. సూది తీసేసి కొత్తది తగిలించినా గొట్టం పాతదే. అదే సిరంజిని పదిమందికి సరిపడే మందు సీసాలోకి మళ్లీ ముంచితే, ఆ తర్వాత ఎన్ని కొత్త సిరంజిలు విప్పినా లాభం లేదు, సీసాలోని మందే కలుషితమైపోయింది. సెలైన్ గొట్టాలకూ, డయాలసిస్ యంత్రాల దగ్గర గ్లవ్స్ మార్చకుండా ఒక రోగి నుంచి మరో రోగి దగ్గరకు వెళ్లే చేతులకూ ఇదే వర్తిస్తుంది.

నా చిన్నతనంలో మా ఊరి కాంపౌండరు స్టీలు డబ్బాలో గాజు సిరంజిని స్టవ్ మీద మరిగించేవాడు. ఆ మరిగించడం ఎంతసేపు సాగేదో చెప్పలేను గానీ, పరికరం శుభ్రం కావాలన్న స్పృహ మాత్రం అందులో ఉండేది. ఒక్కసారి వాడి పారేయాల్సిన ప్లాస్టిక్ సిరంజి వచ్చాక మరిగించే అలవాటు పోయింది, పారేసే అలవాటు మాత్రం అన్ని చోట్లా రాలేదు. 2000 దశకం తొలి ఏళ్లలో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 300 కోట్ల ఇంజెక్షన్లు పడేవి, వాటిలో దాదాపు 63 శాతం సురక్షితం కానివే. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడిన మాట నిజమే. అయినా 2018 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూలో సైకిల్ మీద తిరిగి చవకగా సూదులు వేసే వ్యక్తి వల్ల పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవీ సోకిందన్న వార్తను దేశమంతా చదివింది. 2019లో పాకిస్తాన్‌లోని లర్కానా జిల్లా రతోదేరోలో వందలాది మందికి హెచ్‌ఐవీ బయటపడినప్పుడు వారిలో అత్యధికులు చిన్నపిల్లలు, ఆ పిల్లల్లో చాలామంది తల్లులకు వైరస్ లేదు. అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలి?

దీనికి ఒక అభ్యంతరం ఉంది. మన దేశంలో హెచ్‌ఐవీ ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారానే సోకుతోంది కనుక రోగి జీవితం గురించి అడగకుండా వ్యాధిని అదుపు చేయలేమని నిపుణులు చెబుతారు. ఆ మాట కాదనలేం. శిక్షణ పొందిన కౌన్సెలర్ గోప్యంగా, చికిత్స కోసం అడగడం అవసరమే. అయితే అదే మనిషికి హెపటైటిస్‌ సీ కూడా ఉన్నప్పుడు అనుమానం మొదట రక్తమార్గం మీదికి పోవాలి. ఎప్పుడు రక్తం ఎక్కించుకున్నారు, ఎవరి దగ్గర ఇంజెక్షన్లు చేయించుకున్నారు, పచ్చబొట్టు ఎక్కడ పొడిపించుకున్నారు, మత్తుమందు సిరంజి పంచుకున్నారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. మణిపూర్‌లోనూ పంజాబ్‌లోనూ సిరంజి పంచుకునే మత్తు బాధితుల్లో ఈ రెండు వ్యాధులూ ఎందుకు జంటగా కనపడుతున్నాయో తెలిస్తే, వారికి కావాల్సింది చీవాట్లు కాదనీ, శుభ్రమైన సిరంజి, మత్తు మాన్పించే చికిత్స అనీ అర్థమవుతుంది.

రెండూ ఉన్నవారి సంగతి మరింత క్లిష్టం. హెచ్‌ఐవీ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది కనుక, హెపటైటిస్‌ సీ కాలేయాన్ని మామూలు కంటే వేగంగా గట్టిపరిచి సిరోసిస్ వైపు నెడుతుంది. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో యాంటీబాడీ పరీక్ష (వైరస్ మీద పోరుకు శరీరం తయారుచేసుకునే పదార్థాల కోసం వెదికేది) తప్పుగా నెగెటివ్ చూపే అవకాశం ఉన్నందున నేరుగా వైరస్‌ను కొలిచే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అవసరమవుతుంది. ఊరట కలిగించే విషయమేమిటంటే హెపటైటిస్‌ సీ ఇప్పుడు పూర్తిగా నయమవుతుంది. సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ మాత్రలు సాధారణంగా 12 వారాలు వాడితే, హెచ్‌ఐవీ ఉన్నవారిలో కూడా నూటికి 90 మందికి పైగా వైరస్ మాయమవుతుంది. అమెరికాలో 12 వారాల కోర్సుకు మొదట 84,000 డాలర్ల ధర పెట్టిన సోఫోస్‌బువిర్‌ను చవకగా తయారు చేసిన కంపెనీల్లో మన హైదరాబాద్‌కు చెందిన హెటెరో, నాట్కో ఉన్నాయి. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. ఏఆర్‌టీ అనే, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనపడని స్థాయికి చేరిన హెచ్‌ఐవీ బాధితుల నుంచి లైంగికంగా ఇతరులకు అది సోకదు.

మందు ఇంత దూరం వచ్చింది, మనం రాలేదు. హెపటైటిస్‌ సీ నయమైన తర్వాత కూడా యాంటీబాడీలు రక్తంలో ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం ఉండిపోతాయి. పాత జబ్బు వదిలి వెళ్లిన జాడ తప్ప అది జబ్బు కాదు. అయినా గల్ఫ్ వీసా కోసం చేసే వైద్య పరీక్షల్లో హెచ్‌ఐవీతో పాటు ఈ యాంటీబాడీ పరీక్ష కూడా ఉంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన యువకుడికి ‘అన్‌ఫిట్’ అన్న ఒక్క మాట ఎంత నష్టమో ఆ జిల్లాల వారికి చెప్పక్కర్లేదు. చట్టంలోనూ అసమానత ఉంది. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉద్యోగంలో, వైద్యంలో వివక్షను నిషేధించి, అనుమతి లేకుండా ఎవరి స్థితినీ వెల్లడించరాదని చెప్పింది. హెపటైటిస్‌ సీ బాధితుడికి అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఒకే శరీరంలో రెండు వైరస్‌లుంటే ఒకదానికి రక్షణ, మరొకదానికి లేకపోవడం ఏ న్యాయం?

ఇక అసలు మూలానికి వద్దాం. జ్వరానికి సూది, నీరసానికి సెలైన్, ఒళ్లు నొప్పులకు మళ్లీ సూది: మాత్ర రాసిన డాక్టరు సరైన డాక్టరు కాడన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా పాతుకుపోయింది. ఈ మోజుకు ఆర్‌ఎంపీ ఒక్కడే బాధ్యుడు కాడు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే తలుపు తట్టడానికి ఊళ్లో ఉన్నది అతడొక్కడే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాయంత్రం తర్వాత వైద్యుడు ఉంటే, ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లేవారెందరు? ప్రభుత్వాలు ఆర్‌ఎంపీలను కొంతకాలం శిక్షణ ఇస్తామని బుజ్జగిస్తాయి, ఇంకొంతకాలం కేసులు పెడతామని బెదిరిస్తాయి, వారి బల్ల మీదున్న సిరంజి సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోవు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో లక్షల విలువైన శస్త్రచికిత్సలకు బీమా చెల్లించే రాష్ట్రాలు, రెండోసారి వాడబోతే ఇరుక్కుపోయే సిరంజిని ప్రతి చిన్న క్లినిక్‌కూ తప్పనిసరి చేయలేవా?

2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల హెచ్‌ఐవీ రేటు 0.21 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67 శాతం. అంత బరువు మోస్తున్న రాష్ట్రంలో, పక్కనున్న తెలంగాణలో, ఒక్కో మండలంలో ఏడాదికి ఎన్ని ఇంజెక్షన్లు పడ్డాయో, ఎన్ని సిరంజిలు కొన్నారో, ఎన్నింటిని విరిచి వ్యర్థాల కింద అప్పగించారో మూడు అంకెలు పక్కపక్కన రాసి పంచాయతీ గోడ మీద అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ మూడు అంకెలూ ఎక్కడ సరిపోలలేదో అక్కడికి వైద్య బృందాన్ని పంపాలి. ఊరందరికీ వారివారి సమ్మతితో, పేరు బయటపెట్టకుండా, రెండు వైరస్‌లకూ పరీక్షలు చేయాలి.