చప్పుడు ఎక్కడిదో తేల్చకుండా పార్టులు మార్పించకండి

నల్గొండలో కార్ల పని చేసి బతికేవాణ్ని. అందుకే ఈ మాట కాస్త గట్టిగా చెబుతున్నాను. పెద్ద కార్లలో ముందు చక్రాలను పట్టి ఉంచి కుదుపును ఆపే సస్పెన్షన్ దగ్గర జనం మునిగిపోతున్నది పార్టుల రేట్ల వల్ల కాదు, ఏది పోయిందో తేల్చకముందే మార్పించడం వల్ల. "ముందు నుంచి ఏదో చప్పుడు వస్తోంది" అనగానే లోయర్ ఆర్మ్‌లు, షాకర్లు, లింక్ రాడ్లు అన్నీ కలిపి ఒక కొటేషన్ చేతిలో పెడతారు. అది లక్ష దాటిపోతుంది. అన్నీ మార్చాక కూడా చప్పుడు పోకపోతే "పాత బండి కదా సార్, అట్లనే ఉంటది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మన జిల్లాల్లో ఈ బండ్లు బాగా పెరిగాయి. కొత్త స్విఫ్ట్ కొనే డబ్బుకు పాత బీఎండబ్ల్యూనో ఆడీనో వస్తుంటే మోజు పడటంలో తప్పేమీ లేదు. మంచి బండ్లు అవి. కానీ వాటి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఏర్పాటే వేరు. మామూలు చిన్న కారులో చక్రం కింద ఒక్క ఆర్మ్ ఉంటుంది. ఆడీ ఏ4, ఏ6లో ఒక్కో వైపు పైన రెండు, కింద రెండు, చక్రాన్ని తిప్పే టై రాడ్‌తో కలిపి ఐదు. టై రాడ్ కాక మిగతా నాలుగింటికీ ఒక చివర దెబ్బను మింగే రబ్బరు బుష్, ఇంకో చివర అన్ని వైపులా తిరిగే బాల్ జాయింట్. అన్ని జాయింట్లు ఉండబట్టే అంత స్పీడులోనూ బండి రోడ్డును వదలదు. అన్ని ఉండబట్టే, చప్పుడు ఎక్కడిదో ఒక్కసారి విని చెప్పేయడం ఎవరి వల్లా కాదు.

పైగా మన రోడ్లు. 65వ నంబర్ హైవే మీద సాఫీగా వచ్చిన బండి హాలియా వైపో దేవరకొండ వైపో లోపలి ఊళ్లకు తిరిగిందంటే దాని పరీక్ష మొదలవుతుంది. నాట్ల సీజన్‌లో ఇనుప కేజ్‌వీల్స్ తొడిగిన ట్రాక్టర్లు తారు రోడ్డు మీదే నడుస్తాయి, రోడ్డంతా గాట్లు పడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్లలో ఉన్నవి చాలావరకు యాక్సిడెంట్‌లో ఎవరో పోయాక ఊరివాళ్లే పోసుకున్న దిబ్బలు. వాళ్లను నేను తప్పు పట్టను, పోయింది వాళ్ల పిల్లలు. కానీ ఆ దిబ్బ దెబ్బ మొత్తం బుష్‌ల మీదే పడుతుంది. చాలా బీఎండబ్ల్యూలకు కంపెనీ నుంచే, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. వాటి పక్క గోడలు గట్టివి, దెబ్బను పెద్దగా మింగవు.

మిర్యాలగూడ నుంచి ఒకాయన 2010 మోడల్ బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్ తెచ్చారు. తొంభై స్పీడులో పోతూ బ్రేక్ తొక్కితే స్టీరింగ్ చేతుల్లో వణుకుతోంది. అంతకుముందే హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాప్‌లో ముందు డిస్కులు, ప్యాడ్‌లు కొత్తవి వేశారు. కొన్ని నెలలు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. అప్పుడు మళ్లీ డిస్కులే మార్చాలన్నారట.

బండిని ర్యాంప్ ఎక్కించి, కింది ప్లాస్టిక్ కవర్ విప్పి, చక్రం ముందుకూ వెనక్కీ కదలకుండా పట్టే థ్రస్ట్ ఆర్మ్ లోపలి బుష్ మీద లైట్ వేసి ఆయన్నే రమ్మన్నాను. బుష్ కింద నల్లటి ఆయిల్ చార, దానికి అంటుకున్న దుమ్ము. రాడ్ పెట్టి కొంచెం ఎత్తితే రబ్బరు చీలిక నోరు తెరిచింది. ఈ బుష్ మామూలు రబ్బరు కాదు, లోపల గదుల్లో ద్రవం ఉంటుంది. సన్నని దారిగుండా అటూ ఇటూ కదులుతూ ఆ ద్రవమే వణుకును ఆపుతుంది. అది కారిపోయాక బ్రేక్ వేసిన ప్రతిసారీ చక్రం ముందుకూ వెనక్కీ ఊగుతుంది. డిస్క్‌లో ఉన్న చిన్న తేడా కూడా స్టీరింగ్‌లో పెద్ద వణుకై తేలుతుంది. డిస్క్ కొత్తగా ఉన్నన్నాళ్లు రోగం దాక్కుంటుంది, అంతే. రెండు వైపులా బుష్‌లు వేశాం, అలైన్‌మెంట్ చేయించాం, వణుకు పోయింది. ఆ డిస్కులకు పెట్టిన డబ్బు ఎవరిస్తారు?

వెతకడం అంటే ఏమిటో కూడా చెబుతాను, మీ మెకానిక్ చేస్తున్నాడో లేదో చూసుకోండి. ముందు మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపాలి. చిన్న చిన్న గుంతల్లో కటకటమంటే లింక్ రాడ్, అది పట్టుకునే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) బుష్‌లు చూడాలి. నిలబడిన బండిలో స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటే షాకర్ పైన ఉండే మౌంట్ మీద అనుమానం. తర్వాత చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపాలి, ప్లే, అంటే వదులు, ఉంటే బాల్ జాయింటో బేరింగో. ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపితే ఆ ప్లే పోయిందా, అది బేరింగే. పక్కల పట్టి ఊపితే టై రాడ్ బయటపడుతుంది. లింక్ రాడ్ మాత్రం ఒక్క చక్రం లేపి చూస్తే దొరకదు. స్టెబిలైజర్ బార్ మెలితిరిగి దాన్ని బిగబట్టేస్తుంది. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉంచి చూడాలి.

ఇదంతా చేయడానికి గంటో రెండు గంటలో పడుతుంది. అందుకు డబ్బు అడిగితే "ఉత్తగ చూసినందుకే పైసలా అన్నా?" అంటారు. డాక్టర్ దగ్గర మందు రాయకముందే ఓపీ ఫీజు కడతాం కదా. మీరు చూసినందుకు ఇవ్వకపోతే మెకానిక్ బతకడానికి పార్టుల మీదే సంపాదించుకోవాలి, అప్పుడు వాడికి వెతకడం నష్టం, మార్చడం లాభం. ఈ పద్ధతిని మనందరం కలిసే తయారు చేశాం. మారాలంటే రెండు వైపులా మారాలి. మేము పోయిన పార్టును చేతిలో పెట్టి చూపించాలి, మీరు చూసిన శ్రమకు ఇవ్వాలి.

ఇక బిగింపు. మంచి కంపెనీ ఆర్మ్ వేసినా ఏడాది తిరగకముందే బుష్ చీలిందంటే చాలాసార్లు తప్పు అక్కడే. బండి గాల్లో ఉన్నప్పుడు, చక్రాలు వేలాడుతుండగా బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దింపగానే రబ్బరు మెలితిరిగి, ఇక ఎప్పుడూ అలాగే ఉండిపోతుంది. చక్రం మీద బరువు పడ్డాకే బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు ఇవ్వాలి. బీఎండబ్ల్యూ వాళ్లయితే అలైన్‌మెంట్ కొలతలు చూసేటప్పుడు ముందు సీట్లలో ఒక్కోదానిలో 68 కిలోల బరువు పెట్టమంటారు. మా దగ్గర బియ్యం బస్తాలు పెడతాం. బిగించేటప్పుడే కొంచెం సాగి, ఒక్కసారికే పనికొచ్చే బోల్టులు కొన్ని ఉంటాయి, వాటిని తిరిగి వాడకూడదు. నాలుగు వందలు మిగులుతాయని పాత బోల్టే వేసేవాళ్లను నేను క్షమించలేను. అది చక్రాన్ని పట్టుకునే బోల్టు.

మహబూబ్‌నగర్ వైపు ఆడీలు వాడేవాళ్లకు ఇంకొక్క మాట. పై ఆర్మ్‌లను పట్టే పొడవాటి బోల్టు స్టీలుది, అది దూరే నకిల్, అంటే చక్రాన్ని మోసే ముక్క, అల్యూమినియంది. రెండూ కలిసి తుప్పుకు బిగుసుకుపోతాయి. సుత్తితో బాదితే నకిల్ పగులుతుంది, అప్పుడు ఆర్మ్ ఖర్చు పోయి నకిల్ ఖర్చు మీద పడుతుంది. ముందురోజే ఆయిల్ కొట్టి నానబెట్టి, అటూ ఇటూ తిప్పుతూ తీసే ఓపిక ఉన్నవాడికే ఇవ్వండి.

కొత్తగా పాత బండి కొనబోయేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే ముందు టైర్ల లోపలి అంచు చేత్తో తడిమి చూడండి, బయటికి బాగానే కనిపించినా లోపల తీగలు తేలి ఉంటాయి. అలైన్‌మెంట్ మెషీన్ మీద పెట్టించి ప్రింట్ తీసుకోండి. చాలా బండ్లలో ముందు చక్రాల టో (లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సర్దే వీలుంటుంది. క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) హద్దు దాటి చూపిస్తే ఏదో వంగినట్టో అరిగినట్టో లెక్క. ఆ కాగితం పట్టుకునే బేరం మొదలుపెట్టండి. అమ్మేవాడు మెషీన్ మీద పెట్టనివ్వనంటే ఆ బండి వదిలేయండి.