‘తిరిగి వస్తుందా’ సూత్రం గారికి

అయ్యా,

మారిన పదార్థం పాత రూపానికి తిరిగి వస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఒక్క మార్కు ప్రశ్నలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. మంచు కరిగినన్నాళ్లూ, కాగితం కాలినన్నాళ్లూ తమకు ఢోకా లేదు. వంటింటి గడప మాత్రం తొక్కినట్టు లేరు.

తొక్కితే ముందు కాలేసేది పప్పులోనే. నానిన మినప్పప్పు రుబ్బాక ఆ పిండిని మళ్లీ బద్దలుగా చేసి చూపించండి. రాదు. అయినా రుబ్బడం భౌతిక మార్పే; బద్ద నలిగిందే తప్ప కొత్త పదార్థం పుట్టలేదు. తెల్లారేసరికి పిండి పొంగి పులిసిందా, అది రసాయనం. సూక్ష్మజీవులు చక్కెరలు తిని ఆమ్లమూ, కార్బన్ డయాక్సైడూ వదిలాయి. గ్రైండరు పని వేరు, రాత్రి పని వేరు. తమరు రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఇక పసుపు సంగతి. అర చెంచా పసుపు తడిపి, సెనగగింజంత సున్నం రంగరించండి. ఎర్రటి పారాణి! పసుపుకు రంగిచ్చే కుర్‌కుమిన్ సున్నపు క్షారానికి ప్రోటానును, అంటే ఒక హైడ్రోజన్ కేంద్రకాన్ని, వదులుకుంది, రసాయన మార్పే. ‘ఇక తిరిగి రాదు’ అని తమరు సంతకం పెట్టేలోపు నిమ్మరసం పిండితే, మళ్లీ పచ్చగా నవ్వుతుంది. సున్నం ఎక్కువైతే నాలుగు చుక్కలు చాలవు, అరచెక్క పిండాలి. చొక్కా మీది పప్పు మరక సబ్బు తగలగానే ఎర్రబడి, జాడించాక పచ్చబడేదీ ఇందుకే. ఉతికేవాళ్లందరికీ తెలుసు, తమకు తప్ప.

పాకం దగ్గర తమ మాట సగం చెల్లుతుంది. కప్పు పంచదారకు అరకప్పు నీళ్లు పోసి తీగపాకం పట్టినా, పోయింది నీళ్లే; మళ్లీ పోస్తే పల్చబడుతుంది. 160 డిగ్రీలు దాటి ఎర్రబడి చేదెక్కిందా, బిందెడు పోసినా రాదు. సరే, నెగ్గారు. మరి పాకం గడ్డకట్టకుండా పిండే నిమ్మరసమో? రంగు మారదు, పొగ రాదు. లోపల మాత్రం కొంత చక్కెర గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. పాకం మరుగుతుండగానే పిండాలి. దించాక పిండితే పులుపే మిగులుతుంది.

అసలు తగువు అన్నంతో. అన్నం మళ్లీ బియ్యం కాదు కాబట్టి రసాయన మార్పని రాస్తే మార్కు పడుతుంది. కానీ 70 డిగ్రీల దరిదాపుల్లో జరిగేది ఏమిటంటే, పిండి రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి. పిండిలోని గ్లూకోజు గొలుసులు తెగవు, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే బలహీనమైన హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, అంతే. ఫ్రిజ్‌లో పెడితే అవి కొంత మళ్లీ బిగుసుకుని మెతుకు గట్టిపడుతుంది, ఆవిరి తగిలితే మెత్తబడుతుంది. ఇది తిరిగి వచ్చినట్టా, రానట్టా?

కార్డు ముక్క మీద రాసి పంపితే చాలు. ప్రశ్న ఒక్క మార్కుదే కదా.

ఇట్లు,
నిన్నటి అన్నం గిన్నె తరఫున,
వంటిల్లు