ఇంజిన్ నిర్దోషి, కస్టమరే ముద్దాయి

కొత్త బండి కొన్నవాళ్లలో ఈ మధ్య ఒక చెడ్డ అలవాటు ముదురుతోంది. బండి నడవాలని కోరుకుంటున్నారు. లక్షలు పోసి కొన్నాం, గుడి ముందు పూజ చేయించాం, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం, అయినా ఇంజిన్ ఎలా పోతుందని నిలదీస్తున్నారు. వీళ్లు ఒక్కసారి డెలివరీ రోజును గుర్తు చేసుకోవాలి. షోరూమ్ వాళ్లు బండి మీద ఎర్ర గుడ్డ కప్పి లాగించారు, కేక్ కోయించారు, జానెడు వెడల్పున్న అట్ట తాళంచెవి చేతిలో పెట్టి ఫొటో తీశారు, స్టాఫంతా చప్పట్లు కొట్టారు. ఇంత చేశాక బండి నడిచే పూచీ కూడా వాళ్లదేనంటే మనిషి ఆశకు ఒక అంతుండాలి.

కస్టమర్ తరఫున మాట్లాడటానికి ఊరంతా ఉంది. పాపం, ఇంజిన్ తరఫున ఒక్క సర్వీస్ సెంటర్ తప్ప ఎవరూ లేరు. ఆ లోటు తీర్చడానికే నా ఈ చిన్న ప్రయత్నం.

మా బావమరిది సంగతే తీసుకుందాం. సంక్రాంతికి విజయవాడ వెళ్లి, ముక్కనుమ నాడు హైదరాబాద్ తిరిగొస్తున్నాడు. కీసర, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులు సక్రమంగా కట్ అయ్యాయి. కోదాడ దాటింది, సూర్యాపేట ఇంకా రాలేదు. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది, బానెట్ కింద టకటకమని చప్పుడైంది, ఎలాగో పక్కకు తీసేసరికి బండి ఆగిపోయింది. మీటరు ఇంకా నాలుగు వేల కిలోమీటర్లు చూడలేదు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. కొత్తదనం పోతుందని మా అత్తగారు తీయనివ్వలేదు.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే అమ్మాయి చాలా మర్యాదగా పలికింది. మొదట పిన్‌కోడ్ అడిగింది. హైవే మీద నిలబడ్డ మనిషి తన పిన్‌కోడ్ చెప్పలేకపోవడం పౌరుడిగా ఎంత లోపమో ఆమె గొంతులోనే తెలిసింది. తర్వాత "దగ్గరలో ల్యాండ్‌మార్క్ ఏదైనా ఉందా సార్?" అంది. "పత్తి చేను ఉందమ్మా" అన్నాడు మావాడు. లైను కట్ అయింది.

పక్కనే టీ కొట్టు పెట్టుకున్న పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒకసారి సెల్ఫ్ కొట్టమన్నాడు. లోపల టక్కుమంది తప్ప ఇంజిన్ తిరగలేదు. "ఇంజన్ పట్టేసింది సారూ, ఇంక కొట్టకు" అని చెప్పి తన పాల గిన్నె దగ్గరికి వెళ్లిపోయాడు. ఇలా స్కానర్ లేకుండా, అప్రూవల్ లేకుండా, బిల్లు కూడా లేకుండా రోగం పేరు చెప్పేయడం చాలా తప్పు. ఇదే మాట చెప్పడానికి ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ వాళ్లు ఎంత శ్రద్ధ తీసుకున్నారో చూడండి. పండగ సెలవులు అయ్యాక స్కానర్ పెట్టారు. ప్లాంటుకు మెయిల్ పెట్టారు. ప్లాంటు వాళ్లు ఫొటోలు అడిగారు. పంపిన ఫొటోలు సరిగా రాలేదన్నారు. మళ్లీ తీశారు. అప్పుడు ప్లాంటు నుంచి ఒక టెక్నికల్ మనిషి బయల్దేరాడు. ఆయన వచ్చేసరికి శివరాత్రి వచ్చింది. ఇంజిన్ పట్టేసిందని తేల్చారు.

ఆ మధ్యకాలం వృథాగా పోలేదు. అసలు విచారణ జరిగింది అప్పుడే. ఇంజిన్‌ని కాదు, బావమరిదిని.

సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్ చేతపట్టుకుని మొదలుపెట్టాడు. పెట్రోలు ఏ బంకులో కొట్టించారు సార్? మొదటి సర్వీసు వెయ్యి కిలోమీటర్లకే చేయించారా, నాలుగు రోజులు ఆలస్యమైందా? స్పీడెంత? బండి మీరు కాకుండా ఇంకెవరైనా నడుపుతారా? ఏసీ వేసుకుని ఆగిన బండిలో కూర్చునే అలవాటుందా? పార్కింగ్‌లో ఎలుకలున్నాయా? డిక్కీలో లోడెంత? డిక్కీలో అరిసెల డబ్బా, సున్నుండల డబ్బా, పాతిక కేజీల బియ్యం బస్తా ఉన్నాయని మావాడు నిజం చెప్పాడు. అడ్వైజర్ తల పంకించి ట్యాబ్‌లో ఏదో నొక్కాడు. ఇంజిన్ పగిలేంత నెయ్యి వేసి మా అత్తగారు అరిసెలు చేయరని నేను రాతపూర్వకంగా ఇవ్వడానికి సిద్ధపడ్డాను.

"డాష్ కెమెరా బయట బిగించారు సార్. వైరింగ్ కదిలిస్తే వారంటీ కష్టం."

"అది మీ షోరూమే ఫ్రీ గిఫ్ట్ అని ఇచ్చి బిగించింది బాబూ."

"యాక్సెసరీస్ డిపార్ట్‌మెంట్ వేరు సార్."

తర్వాత నీళ్ల సంగతి వచ్చింది. బండి నీళ్లలో నడిపారా అన్నారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. గాలి పీల్చే దారిలోంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరితే పైకొచ్చే పిస్టన్‌కి దారుండదు, దాన్ని కింద పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో నానిన బండ్ల విషయంలో మెకానిక్‌లు మొత్తుకున్నది ఇదే: తాళం తిప్పొద్దు, ముందు నీళ్లు తీయించండి అని. కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. కానీ ఇది జనవరి. సూర్యాపేట రోడ్డు మీద దుమ్ము తప్ప తడి లేదు. ఆ మాటే చెబితే కుర్రాడు కాసేపు ఆలోచించి, "పండక్కి బండి కడిగించారా సార్?" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేయాలో వాళ్లు చెప్పలేదు. సర్వీస్ సెంటర్లు ఆ లోటు పూరించాయి: ఆడినవాడి కాళ్లు పరీక్షిస్తారు.

ఇక్కడ మంచి కస్టమర్ నడవడిక గురించి రెండు మాటలు చెప్పాలి. బండి అప్పగించినప్పుడు సర్వీస్ సెంటర్ రాసే జాబ్ కార్డులో "ఇంజిన్ నుంచి సౌండ్ వస్తోందని కస్టమర్ అంటున్నారు" అని రాసిస్తే కళ్లకద్దుకుని ఇంటికి పోవాలి. నడుస్తున్న బండి ఆగిపోయింది, ఆయిల్ లైటు వెలిగింది, తిరిగి స్టార్ట్ కావడం లేదు అని ఉన్నదున్నట్టు రాయమనడం, తేదీ, కిలోమీటర్లు వేయించి కాపీ తీసుకోవడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎక్కడిదాకా ఉందో అందరి ముందూ ఫొటో తీయడం, ఫోన్లో చెప్పిన ప్రతి మాటా మెయిల్‌లో పంపమనడం, వారంటీ ఇవ్వం అని వాళ్లంటే ఆ కారణాన్ని లెటర్‌హెడ్ మీద అడగడం... ఇవన్నీ అపనమ్మకానికి గుర్తులు. ఇలాంటి మనిషి వస్తే వర్క్స్ మేనేజర్ అంతటివాడే కేబిన్లోంచి లేచొచ్చి కుర్చీ వేసి కాఫీ తెప్పిస్తాడు. పాపం, అంతగా నొచ్చుకుంటాడు.

ఇంజిన్ విప్పాలంటే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. వారంటీ వర్తించదని తేలితే విప్పిన కూలీ, బిగించే కూలీ మనవే అని దాని సారాంశం. వర్తిస్తుందో లేదో తేల్చేది కంపెనీ. తేల్చడానికి విప్పేది కంపెనీ. విప్పిన ముక్కలు ఉండేది కంపెనీ షెడ్డులో. ముద్దాయి చేతిలో ఒక్క సాక్ష్యం కూడా మిగలకుండా ఇంత పకడ్బందీగా జరిగే విచారణ పోలీస్ స్టేషన్లలో కూడా కుదరదు.

బీమా కంపెనీ దగ్గరికి వెళ్లాడు మావాడు. వాళ్లలో నాకు నచ్చేది స్పష్టత. మామూలు మోటారు పాలసీలో యంత్రం దానంతటది చెడిపోతే డబ్బు రాదని ముందే అచ్చేసి ఉంటుంది. అంటే అదే బండి వెళ్లి చింతచెట్టును గుద్ది ఉంటే సర్వేయర్ వచ్చేవాడు. ఎవరినీ గుద్దకుండా, ఇండికేటర్ వేసి, మర్యాదగా పక్కన ఆగింది కాబట్టి ఏమీ రాదు. ఇక ఈఎంఐ అంటారా, ఐదో తారీఖు ఉదయం ఠంచనుగా కట్ అయింది. ఆ బండి మొత్తంలో ఒక్కరోజు కూడా మొరాయించని భాగం అదొక్కటే.

అసలు కొత్త ఇంజిన్ ఎందుకు పోతుంది? ఇది అడగకూడని ప్రశ్నే అయినా వాదన కోసం చూద్దాం. లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కీ దాన్ని పట్టి ఉంచే బేరింగుకీ మధ్య అడ్డం ఉండేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఫ్యాక్టరీలో ఇంజిన్ బ్లాకును తొలిచినప్పుడు రాలిన లోహపు రజను సరిగా కడగక లోపలే ఉండిపోతే, ఆయిల్‌తో పాటు ఊరేగి బేరింగును గీకుతుంది. పొర తెగుతుంది, వేడెక్కుతుంది, బేరింగు షాఫ్టును పట్టేస్తుంది. ఇందులో కొన్నవాడి పాత్ర ఎంతుందో వెతకడానికే పైన చెప్పిన ప్రశ్నలన్నీ.

ఈ విషయంలో అమెరికా వాళ్లు తొందరపడ్డారని చెప్పక తప్పదు. 2024లో టయోటా అక్కడ సుమారు లక్ష టండ్రా ట్రక్కుల్ని, లెక్సస్ బండ్లని వెనక్కి పిలిచింది. ఇంజిన్‌లో తయారీ నాటి లోహపు రజను మిగిలి ఉండొచ్చని తానే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజిన్లున్న సుమారు 6 లక్షల బండ్లకు ఇలాగే కబురు పెట్టింది. కనెక్టింగ్ రాడ్లలో, క్రాంక్ షాఫ్టుల్లో లోపాలున్నాయట. ఏ కస్టమర్నీ అరిసెల గురించి అడగకుండానే ఒప్పేసుకున్నారు. అయితే జనరల్ మోటార్స్ పూర్తిగా నిరాశపరచలేదు. పరీక్షలో పాసైన బండ్లకు ఇంజిన్ మార్చే పని పెట్టుకోకుండా కాస్త చిక్కటి ఆయిల్ పోసి, కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ మూత, ఓనర్స్ మాన్యువల్లో పెట్టుకోవడానికి ఒక కాగితం ఇచ్చింది. కాగితంలో ఉన్న శక్తి మన వాళ్లకు కొత్త కాదు.

అక్కడ కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే కొత్త బండ్ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. సాధారణంగా ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా కుదరకపోయినా, మొత్తం మీద 30 రోజులు బండి షెడ్డులోనే ఉన్నా, కంపెనీ బండి మార్చాలి లేదా డబ్బు వాపసివ్వాలి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మనవాళ్లు ఇది చెప్పి ఇక్కడి బంధువుల మనసులు పాడు చేస్తున్నారు.

మనకూ చట్టాలు లేకపోలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. కాకపోతే ఆ లోపం మనుషులకో పర్యావరణానికో హాని చేసేదిగా ఉండాలి, చాలినంత మంది ఓనర్లో, టెస్టింగ్ ఏజెన్సీయో, మరెవరో దాన్ని కేంద్రం దృష్టికి తేవాలి. అంటే మన ఒక్క బండి ఆగితే సరిపోకపోవచ్చు, తోడుగా ఇంకొందరివి కూడా ఆగితే మంచిది. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ ఎత్తుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని కింది నిబంధనల ప్రకారం 50 లక్షల లోపు సొమ్ము పెట్టి కొన్నదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు. కేసు 3 నెలల్లో, ల్యాబ్ పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ప్రయత్నించాలి అంది గమనించండి. మన బండి కూడా సూర్యాపేట చేరడానికి ప్రయత్నించింది.

కమిషన్‌లో తయారీ లోపమని చూపించాల్సింది కొన్నవాడే. దానికి నిపుణుడి రిపోర్టు కావాలి. నిపుణుడికి ఇంజిన్ కావాలి. ఇంజిన్ ఎవరి షెడ్డులో ఉందో ముందే చెప్పుకున్నాం. అన్నీ గెలిచినా కొత్త బండే ఇప్పిస్తారనుకోవద్దు. కంపెనీ వారంటీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం, మార్చడం వరకేనని 2006లోనే ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మా బావమరిది విషయంలో కంపెనీ ఎంతో పెద్ద మనసు చేసుకుంది. "గుడ్‌విల్ కింద" కొత్త బ్లాకు వేస్తామంది. వారంటీలో ఉన్న బండికి వారంటీ ప్రకారం చేసే పనిని గుడ్‌విల్ అనడంలో ఎంత సంస్కారముందో చూడండి. ఇచ్చేవాడి చేయి పైనుండాలి కదా. బ్లాకు మారితే ఇంజిన్ నంబరు మారుతుంది. నంబరు మారితే ఆర్సీలో మార్పించుకోవాలి, బీమా పాలసీలో మార్పించుకోవాలి, ఫైనాన్స్ ఉంది కాబట్టి బ్యాంకు కాగితం తేవాలి. ఇవన్నీ కస్టమర్ పనులు. మావాడు ఆర్టీఓ ఆఫీసు కౌంటర్లో కాగితాలిస్తే అక్కడి గుమస్తా బండి రిజిస్ట్రేషన్ తేదీ చూసి, ఇంజిన్ మార్పు దరఖాస్తు చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, "దొంగబండి కాదు కదా?" అన్నాడు. ముద్దాయి హోదా రాష్ట్ర ప్రభుత్వం కూడా గుర్తించినట్టయింది.

బండి చేతికొచ్చిన సాయంత్రం అడ్వైజర్ పక్కకు పిలిచి చిన్న గొంతుతో చెప్పాడు: "రేపు కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్. పదికి పది ఇవ్వండి. తొమ్మిదిచ్చినా నా ఇన్సెంటివ్ పోతుంది." ఆ కుర్రాడి మొహం చూసి మావాడు కరిగిపోయాడు. మొత్తం వ్యవహారంలో మావాడికి కనిపించిన మనిషి అతనొక్కడే. ప్లాంటు వాళ్లకి మెయిల్ ఐడీ తప్ప మొహం లేదు. మర్నాడు ఫోన్ రాగానే అన్నిటికీ పది, పది, పది అని చెప్పాడు. కంపెనీ రికార్డుల్లో ఆ ఇంజిన్ ఇప్పుడు పూర్తి సంతృప్తినిచ్చిన ఇంజిన్.

చివరి ప్రశ్న, మా బండిని మీ బంధుమిత్రులెవరికైనా సిఫారసు చేస్తారా అని. తప్పకుండా అని చెప్పి మావాడు నా నంబరు ఇచ్చాడు. నిన్నట్నుంచి షోరూమ్ వాళ్లు పూటకోసారి ఫోన్ చేసి టెస్ట్ డ్రైవ్ ఎప్పుడు పెట్టుకుందాం సార్ అంటున్నారు.